ఎనిమిది క్లిప్పుల పొట్లం

కరీగా కోర్టులో ఆ గదికి కిటికీ లేదు.
ఒక కెమెరా, ఒక తెర, రెండు కుర్చీలు,
పిల్లల కోసం ఎవరో ఎప్పుడో గోడకి అతికించిన
జిరాఫీ, మెడ దగ్గర చిరిగి.
నొక్వేజికి ముప్ఫై ఒకటో ఏడు.
"ఇది నాకా?" అంది.
కాదమ్మా అన్నాను.
"మరి ఎందుకు పెట్టారు?"
దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను మధ్యవర్తిని.
వకీలు ప్రశ్న నా చెవిలో పడుతుంది.
దాన్ని మా షోసాలోకి దించి, చిన్నది చేసి ఆమెకివ్వాలి,
చిన్నది చేయాలి గాని మొండి చేయకూడదు.
ఇరవై రెండేళ్లు ఒకటో తరగతికి చెప్పిన నోరు,
అయినా ఇక్కడ ప్రతి మాటా
నిండుకుండతో మెట్లు దిగినట్టే.

ముందు మెజిస్ట్రేటు అడిగింది, మెత్తగానే:
"నా గౌను ఎర్రగా ఉందంటే
అది నిజమా, అబద్ధమా?"
తెర మీద నల్ల గౌను.
నొక్వేజి చాలాసేపు చూసింది.
"పాపం, ఆవిడకి కళ్లు ఆనవా?" అని నన్నడిగింది.
అక్షరం పొల్లుపోకుండా అదే అప్పజెప్పాను.
అటువైపు ఎవరో నవ్వారు.
మెజిస్ట్రేటు నవ్వలేదు, ఏదో రాసుకుంది.

డాక్టరు కాగితం అంటుంది: మానసిక వయసు ఏడు.
ఏడేళ్ల వాళ్లు నాకు తెలుసు, వందల మంది.
వాళ్లెవరూ మేనత్త పోతే
ఆ చల్లటి పాదాలకి మేజోళ్లు తొడగలేదు.
గ్రాంటు రోజున వరసలో ఎవరు అడ్డం దూరారో
మరుసటి నెల దాకా గుర్తుంచుకుని నిలదీయలేదు.

"సంఘటన జరిగింది మంగళవారమని ఇప్పుడంటున్నారు,
పోలీసులకి బుధవారమని చెప్పి ఉన్నారు,
అసలు అలాంటిదేమీ జరగలేదని నేనంటాను,
కాదంటారా?"
తలుపులు లెక్కపెట్టాను. నాలుగు.
ఒక్కటీ బయటికి తెరుచుకోదు.
"ఎప్పుడు, నొక్వేజీ?" అన్నాను.
ఆమె వేళ్లు ఎత్తింది. ఎనిమిది.
నోరు తెరవలేదు.

"సాక్షి మౌనం వహించినట్టు నమోదు చేయండి."

"మౌనం కాదు," అన్నాను, ఆ మాటకి నాకు అధికారం లేకపోయినా.
"చెబుతోంది."

వర్క్‌షాపులో ఆమె పని బట్టల క్లిప్పులు.
పొట్లానికి పన్నెండు. పదకొండేళ్లుగా పన్నెండు.
"ఎనిమిది వేశాను. ఫెల్టన్ వచ్చాడు.
వ్యాను కడగాలి, రా అన్నాడు.
వ్యాను తడిగా లేదు.
బకెట్టు లేదు.
నొప్పి అన్నాను. మళ్లీ అన్నాను.
తిరిగొచ్చి పొట్లం మూసేశాను.
నాలుగు తక్కువ."

ఇక్కడ ఏడ్చింది. ఇక్కడే, ఇంకెక్కడా కాదు.
"ఎవరో డబ్బిచ్చి కొని ఉంటారు,
ఇంటికెళ్లి లెక్కపెట్టుకుని ఉంటారు.
నాదే తప్పు."

నా గొంతు నా ఉద్యోగం మర్చిపోయింది.
ఒక నిమిషం పట్టింది, మళ్లీ గుర్తు రావడానికి.

"ఈ కథ మీకెవరు నేర్పారు?" చెవిలో వకీలు.
"ఎవరు నేర్పారు?" అన్నాను.
ముక్కు తుడుచుకుంది.
"పన్నెండు మా టీచరు నేర్పింది.
ఎనిమిది నేనే."

వాయిదా పద్నాలుగో తేదీకి.
తెర నల్లబడింది. అటువైపు వాళ్లంతా
కుర్చీలు జరుపుకుని భోజనాలకి వెళ్లి ఉంటారు.
"నేను బాగా చెప్పానా?" అంది.

చెప్పకూడదు నేను. అవునని గాని, కాదని గాని
కనుబొమ్మతో కూడా చెప్పకూడదు. నియమం.

"నీళ్లు తాగుతావా?" అన్నాను.

"అది జవాబు కాదు," అంది నొక్వేజి.
గ్లాసు మాత్రం తీసుకుంది.